కంప్యూటరులో రాకపోకల చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను కాను. తూర్పు గదిలోని కంప్యూటరును చూచుకొనువాడను. కావున దానిని గూర్చియే చెప్పెదను. అందును ఒక్కటే విషయము: కంప్యూటరులో ఏ ప్రోగ్రాము ఎప్పుడు మొదలైనదో, ఎప్పుడు ముగిసినదో కోడు వ్రాసి కనిపెట్టుట ఎట్లు? వినుటకు ఇది అతి స్వల్పమైన ప్రశ్న. కాని ఇందులో నేను చేసిన పొరపాటు వలన ఒక విద్యార్థినికి నెల దినములు కంప్యూటరు వంతు పోయినది. ఆ సంగతి మీలో పలువురకు సగమే తెలియును. తక్కిన సగము నా నోటనే మీరు వినవలెను.

మన నిబంధన మీరెరిగినదే. ఉన్నది ఒక్క యంత్రము. ఒక్కొక్కరికి గంట వంతు. దరఖాస్తులు నింపుకొనువారు, పాత ప్రశ్నపత్రములు చూచుకొనువారు బయట బల్లపై కాచుకొనియుండగా లోపల నొకరు ఆటలో మునిగియుండుట న్యాయము కాదని, ఆటకు అరగంట మించరాదనియు, మించినచో నెల వంతు రద్దనియు కార్యవర్గము నిర్ణయించినది. అయితే కనిపెట్టి కూర్చుండువారెవరు? పుస్తకములిచ్చువారికి పుస్తకములతోనే సరిపోవును. ఆ కాపలా యంత్రమునకే ఒప్పగింతమని నేనొక చిన్న ప్రోగ్రాము వ్రాసితిని.

ఇక్కడ ఒక మాట విశదము చేయవలెను. ప్రోగ్రాము అనునది డిస్కుపై ఊరక పడియుండు ఫైలు. మనము దానిని తెరచినప్పుడు ఆపరేటింగ్ సిస్టము దానికి మెమరీలో చోటిచ్చి, ఒక సంఖ్య నిచ్చి, నడిపించును. అట్లు నడుచుచున్న దానిని ప్రాసెస్ అందురు. బీరువాలోని పుస్తకము వేరు, ఒకరు చదువుచున్న చదువు వేరు, ఇదియు నంతే. ఒకే ప్రోగ్రామునకు ఒకే సమయమున నాలుగు ప్రాసెస్‌లుండవచ్చును. వానికిచ్చు సంఖ్య మన సభ్యత్వ సంఖ్యవలె శాశ్వతము కాదు. ఒకటి ముగిసిన పిమ్మట అదే సంఖ్య మరియొకదానికి పోవచ్చును.

నా మొదటి పద్ధతి యిది. అయిదు నిమిషముల కొకసారి నడుచుచున్న వాని పేర్లన్నియు వ్రాయుట; వెనుకటి జాబితాతో పోల్చుట. క్రొత్తగా కనబడినది మొదలైనదనియు, కనబడకుండ పోయినది ముగిసినదనియు లెక్క. ఈ విధముగ మాటిమాటికి పోయి అడుగుటను పోలింగు అందురు. ఓట్లకును దీనికిని సంబంధము లేదు. అయిదు నిమిషముల కొకసారి వీధిగుమ్మము చూచు కావలివాడు నడుమ వచ్చి పోయినవారి నెరుగడు గదా! అయిదు నిమిషములను ఒక సెకనుకు తగ్గించినను ఆ లోపము తీరదు; యంత్రమునకు పని మాత్రము పెరుగును. మొదటి వారములోనే ఇంకొక వింత జరిగినది. ఒక పెద్దమనిషి క్రోమ్ బ్రౌజరును 17 మారులు తెరచినట్లు నా చిట్టా చెప్పినది. ఆయన తెరచినది ఒక్కసారియే. ఆ బ్రౌజరు తాను చూపు పుటలను వేర్వేరు ప్రాసెస్‌లలో నడుపునని నాకప్పుడు తోచలేదు. ప్రతి ప్రాసెస్‌కును దానిని పుట్టించిన ప్రాసెస్ సంఖ్య యంత్రమునందుండును. అది చూచి, పిల్లలను విడిచి తల్లినే లెక్కించుట నేర్చుకొంటిని. ఇది నవ్వుతో పోయినది. రెండవది అట్లు పోలేదు.

గత సంవత్సరము వేసవిలో ఒకనాడు ఉదయము 10 గంటల వంతు ఒక కుర్రవానిది. 11 గంటల వంతు డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయిది. ఆ పూటకు అదే కడపటి వంతు. 12 గంటలకు యంత్రము ఆపినాము. సాయంకాలము చిట్టా తీయగా ఆ అమ్మాయి పేరిట గంటకు గంటయు ఒక ఆట నడిచినట్లున్నది. నిబంధన ప్రకారము వంతు రద్దయినది. "నేనా ఆటను తెరవనే లేదండీ" అని ఆమె అన్నది. "యంత్రమునకు నీమీద పగ యేమున్నదమ్మా?" అని నేనంటిని. ఆ మాట తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గగును. ఆ నెలలోనే ఆమె ఒక పోటీపరీక్షకు దరఖాస్తు పెట్టవలసియుండెను. పట్టణమునకు బస్సులో పోయి, డబ్బిచ్చి, అక్కడ నింపించుకొన్నది.

పది దినములైన పిమ్మట వేరొక పనిమీద నేనా ఆటనే తెరచి, మూలనున్న గుణకారపు గుర్తు నొక్కితిని. కిటికీ మాయమైనది. కాని జాబితాలో ఆట పేరు అట్లే యున్నది! ఆ ఆటను మూసినచో అది ముగియదు; తెరవెనుకకు తప్పుకొని కూర్చుండును. ఇట్టి ప్రోగ్రాములు చాల కలవు. వీధి తలుపు వేసినంతమాత్రమున ఇంటిలోని వారు ఊరు విడిచినట్లా? నా గుండె ఝల్లుమన్నది. పాత చిట్టా తిరుగవేసితిని. ఆ దినమున ఆట మొదట కనబడినది 10 గంటల 35 నిమిషములకు. అప్పటినుండి యంత్రము ఆపువరకు ఒక్కమారైనను అది కనబడకుండ పోలేదు. కుర్రవాని గంటలో పడినది 25 నిమిషములు. అది నిబంధనకు లోబడియే యున్నది. అతడు కొంతసేపు ఆడి, మూసితిననుకొని, మర్యాదగా లేచి పోయినాడు. మిగిలిన గంటయు ఈ అమ్మాయి నెత్తిన పడినది. ప్రతి ప్రాసెస్ పుట్టిన సమయమును విండోస్ తానే వ్రాసి యుంచును. అడిగిన వారికెల్ల చెప్పును. నేనడుగలేదు. యంత్రము అబద్ధమాడలేదు. నేను దానినడిగిన ప్రశ్న "ఇప్పుడెవరున్నారు?" అని, నేను గ్రహించిన జవాబు "ఈమె తెచ్చినది" అని.

ఇప్పుడు పద్ధతి మార్చినాను. పత్రిక వచ్చినదా యని దినదినము పోస్టాఫీసుకు పోయి అడుగుట ఒకటి. చందా కట్టిన, పత్రిక తానే ఇంటికి వచ్చుట మరియొకటి. విండోస్‌లో డబ్ల్యూ.ఎం.ఐ. అను ఏర్పాటు కలదు. ప్రాసెస్ మొదలైనప్పు డొకటి, ముగిసినప్పు డొకటి వార్త పంపుమని దానికి చెప్పుకొనవచ్చును. దీనికి యంత్రముపై పూర్తి అధికారముగల ఖాతానుండి నడుపవలెను. లేనిచో "అనుమతి లేదు" అను జవాబే వచ్చును. ఇందులో నొక మోసము కూడ నున్నది. అదే ఏర్పాటులో "ఇన్ని సెకనులలోపల" అని గడువు పెట్టి అడుగు ఇంకొక విధము కలదు. అది పేరునకు చందా. లోపల జరుగునది పోస్టాఫీసుకు పరుగే. క్షణములో పుట్టి గిట్టిన ప్రాసెస్ దానికిని చిక్కదు. ఇంటర్నెట్టులో దొరకు నమూనాలలో ఈ రెండవదే యెక్కువగా కనబడినందున నేనొక వారము దీనితోనే తంటాలు పడితిని.

ఒక ప్రాసెస్ ముగింపును మాత్రమే కనిపెట్టవలెనన్న అంతకంటె చక్కని ఉపాయమున్నది. దాని హ్యాండిల్, అనగా పట్టుకొనుటకొక పిడి, సంపాదించి "ఇది ముగిసినప్పుడు నన్ను లేపుము" అని చెప్పి నిద్రించుటయే. అంతవరకు మన ప్రోగ్రాము యంత్రమును ఏమాత్రమును శ్రమపెట్టదు. ఆ పిడి మనచేతిలో నున్నంతకాలము ఆ సంఖ్యను వేరొకదానికి ఇయ్యరు. కావున ఒకరి లెక్క ఒకరిపై పడదు. పోవునప్పుడు ప్రాసెస్ ఒక ముగింపు సంఖ్యను విడిచి పోవును. సున్న యైన పని సవ్యముగ ముగిసినదని వాడుక. 259 వచ్చిన "ఇంకను నడుచుచున్నది" అని అర్థము. పొరపాటున ఏ ప్రోగ్రామైనను 259 అనియే చెప్పి ముగిసెనా, సంఖ్యను మాత్రమే చూచువారికి అది ఎన్నటికిని చావని ప్రాసెస్!

యూనిక్స్ సంతతి యంత్రములలో ఆచారము వేరు. పిల్ల ప్రాసెస్ ముగియగానే తల్లికి కబురు పోవును. తల్లి వచ్చి ఆ ముగింపు సంఖ్యను అందుకొనువరకు దాని పేరు జాబితానుండి కొట్టివేయబడదు. తల్లి ముందే పోయిన, సామాన్యముగ 1వ సంఖ్యగల ప్రాసెస్ ఆ అనాథను చేరదీయును. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు 1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభించిన ఆ వ్యవస్థలోని ఈ యేర్పాటు నాకెంతో ముచ్చట గొల్పును.

ఇంత చేసినను కరెంటు పోయినప్పుడు ఏ వార్తయు రాదు. మొదలైనట్లుండును, ముగిసినట్లుండదు. మన యూరిలో ఇది అరుదా? కావున నా ప్రోగ్రాము నిమిషమున కొకసారి "నేనున్నాను" అని ఒక గుర్తు పెట్టుకొనును. యంత్రము తిరిగి లేచినప్పుడు ముగింపులేని పద్దులయెదుట ఆ కడపటి గుర్తును వ్రాసి, "సరియైన సమయము తెలియదు" అని చేర్చును. ఊహించి అంకె వేయదు.

ఇవన్నియు కాక, అసలు ముందే చేయవలసిన పని యొకటి, కోడుతో పనిలేనిది, చివరకు చేసితిమి. వంతు ముగియగానే ఖాతానుండి సైన్ అవుట్ చేయవలెను. అప్పుడు ఆ ఖాతాలో తెరచినవి యన్నియు ముగియును. ఒకరి ఆట మరియొకరి గంటలోనికి రాదు. చిట్టాలో ప్రోగ్రాముల పేర్లు, సమయములు మాత్రమే యుండును. ఎవరే పుట చదివిరో అందులో లేదు, ఉండదు. అది మనకనవసరము.

కార్యవర్గము ఆ అమ్మాయి వంతు తిరిగి యిచ్చినది. నేను ఆమె యింటికి పోయి, వాళ్ల నాన్నగారి యెదుట తప్పు ఒప్పుకొంటిని. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. "నా పేరిట ఏమి వ్రాసినారో ఆనాడే నాకు చూపియుంటే నేనే చెప్పియుందును గదండీ" అన్నది. అప్పటినుండి ప్రతివారికిని వంతు ముగియగానే ఒక చీటి యిచ్చుచున్నాము. ఏ ప్రోగ్రాము ఎవరి వంతులో పుట్టినది, ఎప్పుడు ముగిసినది అందులో నుండును. కాదన్నవారు అక్కడికక్కడే కాదని వ్రాసి చేవ్రాలు చేయవచ్చును. ఇప్పటికి ముగ్గురు వ్రాసినారు. ఇద్దరి మాట నిజమైనది. ఆ రెండు పొరపాట్లును సరిదిద్దితిని. మూడవదాని సంగతి ఇంకను చూచుచున్నాను.

చీటి యెట్లుండునో చూడగోరు వారికి సభానంతరము తూర్పు గదిలో చూపెదను.