సముద్రంలో ఒక చిన్న సిపాయి



అండమాన్‌లో డ్యూటీ చేసిన రోజుల్లో పగడపు దిబ్బల దగ్గర ఒక చేపను చూశాను. వేలెడంత ఉంటుంది. లేత నీలం ఒళ్లు, తలనుంచి తోకదాకా నల్లటి చార. క్లీనర్ రాస్ అంటారు.

పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను తినడం దాని పని. దిబ్బమీద దానికంటూ ఒక చోటు ఉంటుంది. మన ఎం.ఐ. రూము ముందు సిక్ పెరేడ్‌లాగా చేపలు అక్కడికొచ్చి నిలబడతాయి. నోరు తెరిస్తే లోపలికెళ్లి శుభ్రం చేసి వస్తుంది. ఆస్ట్రేలియాలో లెక్కవేస్తే ఒక్కో చేప రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను తింటోందని తేలింది.

ఇంకో విశేషం. ఒక మగచేప కింద కొన్ని ఆడచేపలు ఉంటాయి. మగచేప పోతే, అన్నిటికన్నా పెద్ద ఆడచేప గంటల్లోనే కమాండ్ తీసుకుంటుంది. రెండు మూడు వారాల్లో పూర్తిగా మగచేపగా మారిపోతుంది. పోస్టు ఖాళీగా ఉండదన్నమాట!

మరి ఈ సిపాయిలనే ఎత్తేస్తే? ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ఐలాండ్ దగ్గర 2000 నుంచి ఎనిమిదేళ్లకు పైగా కొన్ని దిబ్బలమీద వీటిని తీసేసి చూశారు. అక్కడ మిగతా చేపల సంఖ్యా, రకాలూ కూడా తగ్గిపోయాయి. అయినా అక్వేరియంల కోసం వీటిని పడుతూనే ఉన్నారు. అద్దాల తొట్టిలో దానికి సరైన తిండి దొరకదు, ఎక్కువకాలం బతకడం కష్టం.

ఢిల్లీకి సముద్రం దూరమే. కానీ అక్వేరియం షాపులు దగ్గరే. పిల్లలు ముచ్చటపడినా ఈ చేపను మాత్రం కొనకండి. డ్యూటీలో ఉన్నవాణ్ణి పోస్టునుంచి లాగడం మనకు తగదు.

జై హింద్.