కూతకు వెల ఎంత?

మన పల్లెలలో చెరువులోని చేపలకు పాట పెట్టుదురు. మామిడితోటలో కాయ ఇంకను పిందెగా నున్నప్పుడే పాట పెట్టుదురు. కంటికి కనబడని బరువును, నాలుకకు తగులని రుచిని ఊహించి సొమ్ము చెల్లించుట సాహసము. నీళ్ళలోని చేపలకు బేరము అను మాట ఇట్టి సాహసులను చూచియే పుట్టియుండును. నేడు ఆ పాట ఆటగాండ్రకును వచ్చినది. ప్రొ కబడ్డీ లీగు వేలము దగ్గరపడినప్పుడెల్ల గచ్చిబౌలిలో ఈ బేరము జోరుగా సాగును. కంప్యూటరు కచేరీలలో పనిచేయు యువకులు మధ్యాహ్నపు విరామమునను, సాయంకాలము టీకొట్టు కడను, తెలుగు టైటాన్సు జట్టు ఎవరిని కొనవలెనని తర్కించుచుందురు. ఒకరు పేరు చెప్పుదురు. మరియొకరు ఆ ఆటగాని మోకాలి సంగతి జ్ఞాపకము చేయుదురు. మూడవవారు జట్టు సంచిలో మిగిలిన సొమ్మును లెక్కగట్టుదురు.

ఈ తర్కమునకు గచ్చిబౌలి తగిన చోటే. 2009లో ప్రపంచ బాడ్మింటన్ పోటీలు ఇక్కడి ఇండోరు స్టేడియములోనే జరిగినవి. 2024 అక్టోబరు 18వ తేదీన పదునొకండవ కబడ్డీ లీగు ఇచ్చటనే ప్రారంభమైనది. ఆనాటి తొలి పోటీలో టైటాన్సు జట్టు బెంగళూరు బుల్సును ఓడించెను. ఇంటి ముంగిట ఆట జరుగుచుండగా, ఆటగాండ్ర ఎంపికలో తమకును ఒక మాట కలదని అభిమానులు తలచుట సహజము. మేమును వారిలోని వారమే.

వేలము నడచు తీరు తెలిసినగాని ఈ లెక్కలు బోధపడవు. ఆటగాండ్రను నాలుగు తరగతులుగా విభజింతురు. మొదటి తరగతివారి కనీసపు ధర 30 లక్షల రూపాయలు, చివరి తరగతివారిది 9 లక్షలు. 2023 వేలమున ఒక్కొక్క జట్టు సంచి 5 కోట్లు. తమ వద్ద ఆడిన వానిని మరియొకరు పాడుకొన్నప్పుడు, అదే ధర చెల్లించి అతనిని నిలుపుకొను హక్కు కూడ పాత జట్టునకు కలదు. సంచి అందరికిని ఒక్కటే కనుక, ఒకనిపై ధారపోసిన ప్రతి రూపాయియు మరియొకని వాటానుండి తీసినదే యగును.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగులో పద్ధతి వేరు. అక్కడ కొత్తవారికి పాట లేదు, వరుస కలదు. గత సంవత్సరము వెనుకబడిన జట్లు ముందుగా కోరుకొనును. 1985 నుండి మొదటి స్థానములకు చీటీ తీయుట కూడ ఆచారమైనది. అయినను జోస్యము తప్పుచునే యున్నది. 1984లో పోర్టులాండు జట్టు, అంతకుముందే కాలిగాయములతో బాధపడిన సామ్ బౌవీని రెండవ ఆటగానిగా ఎన్నుకొనెను. మూడవవానిగా షికాగోకు దక్కినవాడు మైకేల్ జోర్డాన్. 2014లో నలువది మంది తరువాత, 41వ వానిగా ఎన్నికైన నికొలా యోకిచ్, పిమ్మట మూడు మారులు ఆ లీగు ఉత్తమ ఆటగాడని పేరొందెను.

మన కబడ్డీలో ఇట్టి ఉదాహరణములకు కొదవ లేదు. 2018లో సిద్ధార్థ దేశాయిని ముంబయి జట్టు 36 లక్షల 40 వేలకు కొనెను. మొదటి ఏడాదిలోనే అతడు 200కు పైగా కూత పాయింట్లు తెచ్చెను. మరుసటి ఏడు టైటాన్సు వారు అతనికి 1 కోటి 45 లక్షలు చెల్లించిరి. పవన్ సెహ్రావత్ కథ ఇంకను పెద్దది. 2022లో తమిళ్ తలైవాస్ జట్టు అతనిని 2 కోట్ల 26 లక్షలకు కొనెను. మొదటి పోటీలోనే మోకాలు దెబ్బతిని, అతడు ఆ ఏడాది మిగిలిన ఆటలకు దూరమయ్యెను. 2023లో టైటాన్సు వారు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పాడిరి. సంచిలో సగమునకు మించి ఒక్కని పేర వ్రాసినట్లయినది. పవన్ తన బాకీ ఉంచలేదు. ఆ సీజనులో 200కు పైగా కూత పాయింట్లు తెచ్చెను. జట్టు మాత్రము 22 పోటీలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచెను. 2025లో అతడు మరల తమిళ జట్టునకు పోయెను. ఆ ఏడు 51 లక్షల 50 వేలకు నిలుపుకొనబడిన విజయ్ మాలిక్ నాయకత్వమున టైటాన్సు ప్లే ఆఫ్ దశకు చేరెను.

అట్లని గొప్ప ధర వ్యర్థమని తీర్పు చెప్పుటకు వీలులేదు. ఇరాను దేశపు మొహమ్మద్ రెజా షాద్లూయిని 2023లో పుణే జట్టు 2 కోట్ల 35 లక్షలకు కొని కప్పు గెలిచెను. 2024లో హర్యానా జట్టు 2 కోట్ల 7 లక్షలకు కొని తానును గెలిచెను. 2025లో 2 కోట్ల 23 లక్షలు పెట్టిన గుజరాతునకు మాత్రము కప్పు దక్కలేదు. అతడు పట్టు పట్టగలవాడు, కూతకును పోగలవాడు. తక్కిన ఆరుగురు స్థిరముగా నున్న చోట అట్టివాని విలువ ఇనుమడించును.

కావున పాయింట్ల పట్టికను చూచువారు దాని వెనుక నున్నదానిని కూడ చూడవలెను. ఎదుటి పక్షమున ఆరుగురో ఏడుగురో నిలిచియున్నప్పుడే బోనసు గీత దాటి పాయింటు తేగలరు. రెండు కూతలు వట్టిగా పోయిన పిమ్మట మూడవ కూతలో పాయింటు తేక తప్పదు. ముగ్గురే మిగిలిన జట్టు కూతకు వచ్చినవానిని పట్టినచో రెండు పాయింట్లు వచ్చును. పట్టికలో ఒకటిగానే కనబడు పాయింటు, ఏ ఘడియలో వచ్చినదో చూచినప్పుడు వేరువేరుగా తూగును. 30 సెకండ్ల ఊపిరిలో ధైర్యమెంత, తొందర ఎంత అని విడదీయగలవాడే మంచి పరీక్షకుడు.

మరియొక విషయము మమ్ము వేధించుచున్నది. టైటాన్సు జట్టునకు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశపువాడు. సిద్ధార్థ దేశాయి మహారాష్ట్రమువాడు. పవన్ ఢిల్లీవాడు, విజయ్ మాలిక్ హర్యానావాడు. వారిని మనవారిగా స్వీకరించితిమి. అది మన ప్రేక్షకుల ఉదారత. కాని చెడుగుడు ఆడని తెలుగు పల్లె ఏది? బడి విడిచిన వెంటనే ఇసుకలో గీత గీచి కూతపట్టు బాలునకు, గచ్చిబౌలి చాపమీదికి వచ్చు దారి ఏది? పుణే జట్టు తన యువకులను తానే తీర్చి, అస్లం ఇనాందారు వంటి వానిని నాయకుని చేసికొనెను. ఈ పని వేలము నాటి రెండు దినములలో తెమలునది కాదు, ఏండ్ల తరబడి సాగవలసినది.

అభిమానులు కోట్ల లెక్కలు వేయుట మానవలెనని మేము చెప్పము. ఆ వినోదమును కాదనుట దేనికి? ఆ లెక్కలతోపాటు జిల్లా పోటీలకు ఒకసారి పోయి చూడవలెనని కోరుదుము. అక్కడ కూతకు వెల లేదు. అక్కడి కుఱ్ఱవాని పేరును గుర్తుంచుకొని పదిమందికి చెప్పినచో, ఏదో ఒకనాడు అతని పేరును వేలపుశాలలో పిలుతురు. అప్పుడు పాట పాడువారు ఎవరైనను, ముందుగా గుర్తుపట్టినవారము మనమే యగుదుము.