దాణా ఎక్కడికి పోతోంది? వెన్నకా, వీపుకా?

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు నేను తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. "అయ్యా, బస్తాలకు బస్తాలు దాణా పెడుతున్నాం. గేదె నిగనిగలాడుతోంది. వెన్న శాతం మాత్రం పడిపోతోంది. పరీక్షలోనే మోసం ఉంది" అంటారు. అనుమానముంటే మీ ఎదుటే మళ్ళీ పరీక్ష చేయమని అడగండి, అందులో తప్పు లేదు. అప్పుడూ అదే శాతం వస్తే మాత్రం గాడిలోకి తొంగి చూడాలి.

పంది గింజలు తింటే, అందులోని పిండి గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాని కొవ్వు కణాలు ఆ గ్లూకోజుతోనే కొవ్వు తయారుచేసి దాచుకుంటాయి. నెమరువేసే పశువు తీరు వేరు. గడ్డీ చొప్పా దాని పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులిసి, ముఖ్యంగా ఆసిటిక్ ఆమ్లం అవుతుంది. వెనిగరుకు పులుపునిచ్చేది ఇదే. ఇది రక్తంలో చేరాక చర్మం కింది కొవ్వు కణాలూ దీనితోనే కొవ్వు చేస్తాయి, పొదుగూ దీనితోనే వెన్న చేస్తుంది. సరుకు ఒకటే, వాటాదారులు ఇద్దరు!

పాలలోని వెన్నలో సుమారు సగం ఇలా పొదుగులోనే తయారవుతుంది. మిగతాది రక్తంలో సిద్ధంగా వచ్చే కొవ్వు. అది మేతలోని నూనెది కావచ్చు, ఒంటిమీది కొవ్వు కరిగి వచ్చినదీ కావచ్చు.

అలాగని దాణా మానేయమని నేను చెప్పడం లేదు. గింజల వల్ల ప్రొపియానిక్ ఆమ్లం ఎక్కువగా పుడుతుంది. కాలేయం దానిని గ్లూకోజుగా మారుస్తుంది. పాలలోని చక్కెర ఆ గ్లూకోజు నుంచే వస్తుంది, ఆ చక్కెరను బట్టే పాల కొలత ఉంటుంది. కొవ్వు ఆమ్లాలను మూడేసి చొప్పున పట్టి ఉంచే గ్లిజరాల్‌కు కూడా గ్లూకోజు కావాలి.

చిక్కంతా గడ్డి తగ్గించి దాణా పెంచినప్పుడే. ఆసిటిక్ ఆమ్లం వాటా తగ్గుతుంది. రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట వింటాయి, పొదుగు అంతగా వినదు. దానితో సరుకు వీపుకు చేరుతుంది. ఇంకొకటి కూడా ఉంది. పొట్ట పులుపెక్కినప్పుడు సూక్ష్మజీవులు మేతలోని నూనెను ఒక వింత కొవ్వు ఆమ్లంగా మారుస్తాయి. అది కొద్దిగా చేరినా పొదుగులో వెన్న తయారీ మందగిస్తుందని 2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆవులలో చూపారు. నూనె తీయని తవుడు కుండలకొద్దీ పోసేవారు ఇది గమనించాలి.

వీపున చేరిన కొవ్వు ఎప్పటికైనా పాలలోకి వస్తుందిలే అనుకోవద్దు. చూడి సమయంలో మరీ కొవ్వెక్కిన పశువు ఈనగానే మేత తగ్గిస్తుంది. దాచిన కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయం మీద పడుతుంది. అదే కీటోసిస్‌కు దారి తీస్తుంది. ఆ ఈతలో పాలూ పోతాయి, మందుల ఖర్చూ మిగులుతుంది.

తేమ తీసేసి లెక్క కడితే మేతలో కనీసం సగం గడ్డీ చొప్పా ఉండాలి. చొప్పను ముక్కలు చేయండి గాని పొడి చేయకండి, నెమరు తగ్గుతుంది. పాలిచ్చే గేదెకు ఒంటి పోషణకు కిలో, కిలోన్నర కాక, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో దాణా మామూలు లెక్క. దానినీ ఒక్క పూటే కుమ్మరించక రెండు మూడు సార్లుగా పెట్టండి. దూడకు చివరి పాలు వదిలేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే వెన్న ఎక్కువుండేది ఆ చివరి ధారలలోనే. దూడ వాటా మొదట్లోనే తాగించండి.

మేత మార్చిన మర్నాడే శాతం పెరగదు, రెండు మూడు వారాలు పడుతుంది. అంతవరకు రోజువారీ చీటీలు పారేయక దాచి, నేను వచ్చినప్పుడు చూపించండి.