అతిశీతల ఉదజనియు రానున్న విమానములును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున విమానపు ఇంధనమును గురించిన ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. బాన్సువాడ చుట్టుపట్టుల రైతునకు కావలసినది మంజీర నీరు, నిజాంసాగరు కాలువ, సకాలమున వాన. అది నిజమే. కాని ఈ ప్రాంతపు పల్లెలనుండి గల్ఫు దేశములకు పొట్టకూటికై పోయిన బిడ్డలు ఎందరో కలరు. వారిని కొనిపోవునది విమానము. ఏండ్ల తరువాత తిరిగి తల్లి కన్నులయెదుట నిలుపునదియు విమానమే. కావున విమానము ఇచ్చట కేవలము కలవారి వేడుక కాదు. వానయు కావలెను, విమానమును కావలెను. ఈ రెంటికిని పొత్తు కుదురుటెట్లు అనునదే నేటి ప్రశ్న.

నేటి విమానములందు మండునది కిరసనాయిలు జాతికి చెందిన నూనె. ఒక కిలోగ్రాము నూనె మండినచో మూడు కిలోగ్రాములకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టును. నూనెలోని బొగ్గు గాలిలోని ఆమ్లజనితో కూడుటచేత ఆ బరువు పెరుగును. ప్రపంచమున ఇంధనములు మండుటవలన పుట్టు ఈ వాయువులో నూటికి సుమారు రెండున్నర పాళ్ళు విమానములవలన వచ్చుచున్నది. పాలు చిన్నదిగా కనబడినను, అది గాలిలో శతాబ్దములు నిలిచి భూమిని వేడెక్కించును. భూమి వేడెక్కిన కొలది వానల తీరు మారును. 2050 నాటికి విమానములవలని ఈ భారమును నికరముగా సున్నకు తేవలెనని 2022 అక్టోబరులో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థయందలి దేశములు సంకల్పించినవి. ఆ సంకల్పమును నెరవేర్చుటకు పరిశీలింపబడుచున్న మార్గములలో ముఖ్యమైనది ఉదజని, అనగా హైడ్రోజన్.

ఉదజనియందు బొగ్గు లేదు. అది మండినచో పుట్టునది నీటి ఆవిరి. ఒక కిలోగ్రాము ఉదజని మండి తొమ్మిది కిలోగ్రాముల నీరగును. మరియొక సుగుణము కలదు. సమానమైన బరువునకు నూనెకంటె ఉదజని దాదాపు మూడు రెట్లు శక్తి నిచ్చును. బరువు తగ్గుటే గదా విమానమునకు పరమార్థము! అట్లయిన ఇంతకాలము దానినేల వాడలేదు?

కారణ మొక్కటే: దానిని ఉంచుకొనుట కష్టము. ఉదజని అన్ని వాయువులలోను తేలికయైనది; కొద్దిబరువునకే మిక్కిలి చోటు నాక్రమించును. దానిని ద్రవముగా మార్చినచో చోటు తగ్గును. కాని ద్రవమగుటకు సున్నకు దిగువ 253 డిగ్రీల సెంటీగ్రేడు శైత్యము కావలెను. ప్రకృతిలో సాధ్యమగు శైత్యమునకు పరమావధి సున్నకు దిగువ 273 డిగ్రీలు. ఉదజని ఆ హద్దునకు ఇరువది డిగ్రీల దూరముననే ద్రవమగుచున్నది. 1898లో జేమ్స్ డ్యూయర్ అను శాస్త్రజ్ఞుడు లండనులో దానిని తొలిసారి ద్రవరూపమున సంపాదించెను. ఇంత శ్రమపడి ద్రవముగా చేసినను, ఘనమీటరు ద్రవ ఉదజని బరువు 71 కిలోగ్రాములే. అంతే చోటున నూనె సుమారు 800 కిలోగ్రాములు పట్టును. లెక్కవేసినచో, సమానమైన శక్తికి ద్రవ ఉదజని నాలుగురెట్లు చోటు కోరును. నేటి విమానములు నూనెను రెక్కలలో నింపుకొనుచున్నవి. ఉదజని అందులో ఇమడదు. దానికి విమానపు మేనిలోనే పెద్ద గుండ్రని తొట్టి కావలెను.

ఆ తొట్టి యెట్టిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. పశువైద్యశాలలో కృత్రిమ గర్భధారణకై వీర్యనాళికలను భద్రపరచు పాత్రను చూడని పాడిరైతు అరుదు. గోపాలమిత్ర మోటారు సైకిలుపై తెచ్చు ఆ డబ్బాలో ద్రవ నత్రజని ఉండును. దాని శైత్యము సున్నకు దిగువ 196 డిగ్రీలు. డబ్బాకు రెండు గోడలు. నడుమ గాలిని తీసివేసిన శూన్యము. టీ వేడిగానుంచు ప్లాస్కును కనిపెట్టినవాడు ముందు చెప్పిన డ్యూయరే. శూన్యమునందు వేడి ప్రాకుటకు దారి లేదు. ఆ డబ్బా మూతను బిగించరు, వదులుగానే ఉంచుదురు. లోపలి ద్రవము ఎంత కాపాడినను కొంచెము కొంచెముగా ఆవిరియగుచుండును; మూత బిగించినచో ఆ ఆవిరి ఒత్తిడికి డబ్బా పగులును. అందుచేతనే కొన్ని దినముల కొకమారు నత్రజనిని మరల నింపవలసివచ్చును.

ద్రవ ఉదజని తొట్టియు ఈ సూత్రము ననుసరించినదే. రెండు గోడలు, నడుమ శూన్యము, ఆ శూన్యములో వేడికాంతిని త్రిప్పికొట్టు పలుచని మెరుపు రేకుల పొరలు. కాని శైత్యము మరి 57 డిగ్రీలు అధికము. దానితో చిక్కులును అధికము. ఒక లీటరు ద్రవము ఆవిరియై సాధారణ వేడికి వచ్చినచో ఎనిమిదివందల లీటర్లకు పైబడిన వాయువగును. కావున ఒత్తిడి హద్దు మీరకుండ తెరచుకొను కవాటములు తప్పనిసరి. తొట్టియొక్క పైతలము ఎంత తక్కువయైన వేడి అంత తక్కువగా లోపలికి చేరును. అందుచేత తొట్టిని గోళముగనో, గుండ్రని పీపాయివలెనో నిర్మింతురు. పలుచని రెక్కలో దానిని అమర్చలేకపోవుటకు ఇదియు నొక హేతువు.

ఉదజనియందే దాగిన వింత యొకటి కలదు. దాని అణువులోని రెండు పరమాణు కేంద్రకములు తిరుగు తీరునుబట్టి ఉదజని రెండు విధములు. సాధారణ వాతావరణమున నాలుగింట మూడుపాళ్ళు ఒక విధము, ఒక పాలు రెండవ విధము. ద్రవమైన పిదప ఆ మూడుపాళ్ళును మెల్లమెల్లగా రెండవ విధమునకు మారుచు వేడిని విడుచును. ఆ వేడి ద్రవమును ఆవిరి చేయుటకు కావలసిన వేడికంటెను హెచ్చు. అనగా వెలుపలినుండి ఏ వేడియు రాకున్నను ద్రవము తన వేడితో తానే చాలవరకు ఆవిరియై పోవును! దీనిని నివారించుటకు చల్లబరచు సమయముననే ఇనుప భస్మము వంటి పదార్థముల మీదుగా పోనిచ్చి ఆ మార్పును ముందే పూర్తిచేయుదురు.

తొట్టి తరువాత గొట్టములు. అల్యూమినియము ఆ శైత్యమునకు మీటరుకు నాలుగు మిల్లీమీటర్లు కుంచించుకొనిపోవును. పది మీటర్ల గొట్టము నాలుగు సెంటీమీటర్లు పొట్టియగును. సాగి ముడుచుకొను మడతల గొట్టములు నడుమ నమర్చకున్నచో అతుకులు విడును. కప్పులేని గొట్టమును తాకిన గాలియే ద్రవమై బొట్లుబొట్లుగా కారును. ఆ బొట్లలో ఆమ్లజని పాలు హెచ్చు. అవి నూనెమరకపై పడినచో నిప్పునకు సిద్ధమైనట్లే. గొట్టములలోని గాలిని ముందుగా తొలగించవలెను. ఆ పనికి నత్రజని పనికిరాదు, అది గడ్డకట్టి దారి మూసివేయును. హీలియము ఒక్కటే ఆ శైత్యమున వాయువుగా నిలుచును.

తరువాత పంపు. గొట్టములోనికి గాలి జొరబడినచో బావి మోటారు తిరుగుచునే యుండును గాని నీరెత్తదు. ఇది సేద్యగాండ్రకు అనుభవవేద్యము. ద్రవ ఉదజని సదా మరుగుటకు సిద్ధముగానుండు ద్రవము. పంపు ఏమాత్రము వెచ్చగానున్నను ద్రవము అందులోనే ఆవిరి బుడగలగును, యంత్రమునకు ఇంధనము అందదు. కావున యంత్రమును నడుపుటకు ముందే పంపును, గొట్టములను ఆ శైత్యమునకు తెచ్చి ఉంచవలెను.

ఈ విద్యను తెలుగుదేశమున చూడవలెనన్న శ్రీహరికోటకు పోవలెను. 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్టుతో ఆరంభమైన ఆ కేంద్రమున నేడు ద్రవ ఉదజని, ద్రవ ఆమ్లజనులతో నడచు రాకెట్లు లేచుచున్నవి. ఆ విద్య సులభముగా రాలేదు. 1991లో రష్యా సంస్థతో కుదిరిన ఒప్పందము ప్రకారము యంత్రములతోపాటు విద్యయు రావలసియుండెను. అమెరికా ఒత్తిడిచేత 1993లో విద్య ఆగిపోయి యంత్రములు మాత్రము వచ్చినవి. భారత శాస్త్రజ్ఞులు స్వయముగా నేర్వ పూనుకొనిరి. 2010 ఏప్రిల్ 15న స్వదేశీ అతిశీతల యంత్రముతో లేచిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు విఫలమయ్యెను. ఉదజనిని అందించు చిన్న పంపు తిరుగనారంభించిన కొలదిసేపటికే నిలిచిపోయినది. నాలుగేండ్లకు చేరువగా ఆ లోపమును శోధించి, భూమిపై పలుమార్లు పరీక్షించి, 2014 జనవరి 5న మరల ప్రయోగించిరి. ఈమారు జయము కలిగెను. 2023 జులైలో చంద్రయానమును మోసిన రాకెట్టు పైభాగమును అట్టి యంత్రమే నడపినది. ఈ కృషిలో హైదరాబాదునకు భాగము కలదు. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము అంతరిక్ష యంత్రములకు వలయు ప్రత్యేక లోహములను అచ్చటనే చేయుచున్నది.

శ్రీహరికోటలో సిద్ధించిన విద్య విమానమునకు అట్లే సరిపోవునా? సరిపోదు. 2019 జులై 15న చంద్రయానపు రెండవ యాత్రకు రాకెట్టులో ద్రవ ఉదజని నింపిన తరువాత, ప్రయోగమునకు 56 నిమిషములు మిగిలియుండగా సాంకేతిక లోపము బయటపడెను. ప్రయోగము నాపి, లోపము సరిచేసి, జులై 22న జయప్రదముగా ప్రయోగించిరి. రాకెట్టునకు అట్టి వ్యవధి చెల్లును. అది ఒకేసారి ఎగురును. దాని అతిశీతల యంత్రము పని పది పండ్రెండు నిమిషములే. దగ్గర మనిషి యుండడు. విమానమో, దినమునకు పలుమార్లు లేచి దిగవలెను, ఏండ్ల తరబడి నిలువవలెను, ప్రయాణికులను మోయవలెను, గంటలోపల ఇంధనము నింపుకొనవలెను. తొట్టి వేలమార్లు చల్లబడి వేడెక్కినను శూన్యము చెడరాదు, అతుకు వీడరాదు. రాత్రి నిలిచియున్నపుడు పుట్టు ఆవిరికి భద్రమైన దారి చూపవలెను. అచ్చటిది పండుగనాటి వంట, ఇచ్చటిది నిత్యము నడచు అన్నసత్రము. అసలు కష్టము ఇచ్చటనే యున్నది.

ప్రయత్నములు లేకపోలేదు. 1957లో అమెరికాలో ఒక సైనిక విమానపు యంత్రమును కొంతసేపు ఉదజనితో నడిపిరి. 1988 ఏప్రిల్ 15న సోవియటు దేశమున టుపొలెవ్ 155 విమానము మూడు యంత్రములలో నొకదానిని ద్రవ ఉదజనితో నడుపుచు ఎగిరినది. 2023 సెప్టెంబరులో స్లొవేనియా దేశపు మారిబోరులో జర్మనీవారి చిన్న విమానము ద్రవ ఉదజనినుండి విద్యుత్తు పుట్టించుకొని, ఒక యాత్రలో మూడు గంటలకు మించి ఎగిరినది. ఎయిర్‌బస్ సంస్థ 2035 నాటికి ఉదజని విమానమును ప్రయాణికులకు అందింతుమని 2020లో ప్రకటించెను. అనుకున్నంత వేగముగా విద్య పండలేదని 2025లో ఆ గడువును వెనుకకు జరిపినది.

ప్రమాదమును గురించియు చెప్పవలెను. 1937 మే 6న హిండెన్‌బర్గ్ ఆకాశనౌక మండి 36 మంది మరణించిరి. నాటినుండి ఉదజనియన్న లోకమునకు జంకు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు మొదలు డెబ్బదియైదు పాళ్ళ వరకు ఉన్నను ఉదజని మండగలదు; పగటివేళ దాని మంట కంటికి దాదాపు కానరాదు; వాసన లేదు. అయినను తేలికయగుటచేత కారిన వెంటనే పైకి పోవును; నూనెవలె నేలపై పరచుకొని చాలసేపు మండదు. గాలి చక్కగా ఆడు ఏర్పాటును, కారుట పసిగట్టు సాధనములును ఉన్నచో ఆ గుణమే రక్షణ యగును.

చివరకు, "కాలుష్యము సున్న" యను మాటను విచారింపవలెను. ఉదజని గనులలో దొరకు నూనె కాదు, చేసికొనవలసినది. నేడు లోకమున తయారగు ఉదజనిలో అత్యధిక భాగము సహజ వాయువునుండియు బొగ్గునుండియు వచ్చునదే. దాని తయారీలో బొగ్గుపులుసు వాయువు పుట్టుచునేయున్నది. నీటిని విద్యుత్తుచే విడదీసి చేయవచ్చును. కిలోగ్రామునకు 50 యూనిట్లకు పైగా విద్యుత్తు కావలెను. ద్రవముగా మార్చుటకు మరి పది యూనిట్లకు పైన. ఆ విద్యుత్తు ఎండనుండియో గాలినుండియో రానిచో, పొగ విమానమును వదలి విద్యుత్కేంద్రపు గొట్టము చేరినదే యగును. భారత ప్రభుత్వము 2023 జనవరిలో హరిత ఉదజని కార్యక్రమము నంగీకరించి, 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నుల తయారీని లక్ష్యముగా నుంచినది. విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడకలో అట్టి కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది. మరియు ఉదజనిని యంత్రములో మండించినచో నత్రజని భస్మములు కొంత పుట్టును. ఎత్తున వదలిన నీటి ఆవిరి మేఘపు చారలై వేడిని పట్టియుంచవచ్చును. కావున "సున్న" యనునది చేరవలసిన గమ్యమే గాని చేతికి వచ్చిన ఫలము కాదు.

ఇందువలన నిరాశకు తావు లేదు. ఉదజనిని మండించుట తెలిసిన విద్యయే. దానిని చల్లగా, భద్రముగా, చవుకగా, నిత్యమును ఉంచుకొనుటయే నేర్వవలసినది. ఆ పని మహాశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినది కాదు. అతుకు పెట్టువాడు, కవాటము చెక్కువాడు, కొలతయంత్రము చదువువాడు, కారుట కనిపెట్టువాడు, అందరును కావలెను. శ్రీహరికోటలో 2010 నాటి పరాజయమును 2014 నాటి జయముగా మార్చినది ఒక చిన్న పంపుపై చూపిన పట్టుదల. ఈ గ్రంథాలయమున లెక్కలును, పదార్థశాస్త్రమును, లోహవిద్యయును తెలుపు పుస్తకములు మరి కొన్ని చేరి, వానిని ఈ పల్లెల బాలబాలికలు విప్పి చదివినచో, రేపటి ఉదజని తొట్టి అతుకును పరీక్షించు చేయి మంజీర తీరపుదే కావచ్చును. నాడు గల్ఫునుండి బిడ్డను తెచ్చు విమానము, ఇంటియొద్ద తండ్రి యెదురుచూచు వానకు కీడు చేయక వచ్చును. గ్రంథాలయము అట్టి సేవతో స్వర్ణోత్సవమును చేరుగాక.