పిలిస్తే పలికే పేరు

ఒకప్పుడు మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో పేరు వింటేనే ఊరు తెలిసేది. మునెమ్మ, మునిరత్నం, దొరస్వామి, అలివేలు, గంగులమ్మ... తాతయ్యగుంట గంగమ్మకో, ఏడుకొండలవాడికో మొక్కుకుని పెట్టుకున్న పేర్లెన్నో. ఇప్పుడు ఉయ్యాల్లో విహాన్, రియాన్ష్, కియారా. కొత్త పేరు తప్పేం కాదు. రమేష్, సురేష్ కూడా ఒకప్పుడు కొత్తవే. అయితే పేరు ఖాయం చేసేముందు అవ్వ చేత ఒక్కసారి పిలిపించండి. ఒడిలో బిడ్డను పెట్టుకుని ఆమె ‘రియాంసూ’ అని తడబడితే, ఇంకోసారి ఆలోచించండి. తొందరేం లేదు. కాన్పయిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే చాలు. పేరు మాత్రం నమోదైన ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. అర్థం తెలిసిన పేరు, అవ్వ నోట తియ్యగా పలికే పేరు బిడ్డకు పెట్టండి.