బొమ్మ గీసే చేతికి చరిత్ర కూడా కావాలి



మేం గూడేల నుంచి వెళ్లి ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లం. మాట్లాడటం కంటే బొమ్మ గీయడమే మాకు తేలిక. అయినా ఒక్క విషయం మీతో చెప్పుకోవాలని వచ్చాం.

కాలేజీలో స్టూడియో క్లాసంటే మాకు పండగ. కళా చరిత్ర క్లాసంటే వెనక బెంచీ. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో, పేర్లేమో నోరు తిరగవు. చరిత్ర చదివితే గీత బాగుపడుతుందా అనుకునేవాళ్లం. ఆ తర్వాత ఒక ప్రదర్శనలో మా సవర బొమ్మలు పెట్టాం. చూడటానికి వచ్చిన ఒకాయన "వర్లీ బాగా వేశారు" అన్నాడు. వర్లీ కాదండీ అన్నాం. "మరి తేడా ఏమిటి?" అని అడిగాడు. అమ్మమ్మలు గోడ అలికి బొమ్మలు వేయించుకున్న ఇళ్లలో పెరిగిన మేం నోరు మెదపలేకపోయాం.

ఆ సిగ్గే మమ్మల్ని పుస్తకం తెరిపించింది. మహారాష్ట్ర వర్లీ ఇళ్లలో పెళ్లికి ముత్తైదువలు బియ్యప్పిండితో దేవత చౌకం వేస్తారు. అందులో మనిషి ఒళ్లు రెండు త్రికోణాల మొనలు కలిపినట్టు ఉంటుంది. సవర బొమ్మలో ముందు చుట్టూ హద్దు గీస్తారు. అది దేవతకో, చనిపోయిన పెద్దలకో కట్టిన ఇల్లు. లోపల మనుషులు, జంతువులు, చెట్లు నిండుతాయి. కాలం మారాక సైకిలూ విమానమూ కూడా ఆ ఇంట్లోకి వచ్చాయి. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత ఆదివాసీ కళ మీద వేసిన పుస్తకంలో సవర బొమ్మలున్నాయి. మన గోడల సంగతి అప్పుడే అచ్చయింది. మనమే చదవలేదు.

ఆదిలాబాద్ వైపు ఓజాలనే చూడండి. మట్టి అచ్చు మీద తేనె మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటులో ఇత్తడి పోస్తారు. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మ కూడా మైనం కరిగించే పద్ధతిలో పోసిందే. దాని వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. ఈ సంగతి తెలిసిన ఓజా కుర్రాడు సంతలో తన బొమ్మకు ధర చెప్పేటప్పుడు తల వంచడు.

1907 ప్రాంతంలో పికాసో పారిస్ మ్యూజియంలో ఆఫ్రికా ముఖోటాలు చూశాడు. ఆయన బొమ్మల్లో ముఖాలు మారిపోయాయి. పుస్తకాలు ఆయన్ని ఆధునికుడన్నాయి, ఆ ముఖోటాలను ఆదిమ కళ అన్నాయి. వాటిని చెక్కినవాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. చరిత్ర ఎవరు రాస్తే వాళ్ల మాటే నిలుస్తుంది.

పేరు నిలిచిన మనిషి సంగతీ చెప్పాలి. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్‌లో పుట్టిన జంగఢ్ సింగ్ శ్యామ్ పర్ధాన్ గోండు. మన ఆదిలాబాద్ పర్ధానుల్లాగే కథలు పాడే కులం. ఆయన ఆ దేవతలను కాగితం మీదికి తెచ్చాడు. చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆయన్ని భోపాల్ భారత్ భవన్‌కు రప్పించాడు. 1989లో ఆ బొమ్మలు పారిస్ చేరాయి. 2001లో ఆయన పోయినా, ఆ గీతను ఇవాళ జంగఢ్ కలం అంటున్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చరిత్ర చదివితే చేయి దానంతటది తిరగదు. రోజూ గీయాల్సిందే. కానీ వారానికి ఒక పాత బొమ్మను ఎదురుగా పెట్టుకోండి. ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఏ రంగు, ఏ గోడ అని నాలుగు మాటలు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషు మెల్లగా వస్తుంది. హైదరాబాద్, అరకు గిరిజన మ్యూజియాలకు వెళ్లినప్పుడు సెల్ఫీతో సరిపెట్టకండి, ఒక బొమ్మ దగ్గర కూర్చుని కాపీ చేయండి.

అన్నిటికంటే ముందు మీ గూడెంలో గోడ బొమ్మ వేసే పెద్దల దగ్గరికి వెళ్లండి. ఫోటో తీసి, వేసినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ పండగకు వేశారో రాసి పెట్టండి. వచ్చే వానాకాలానికి ఆ గోడ ఉంటుందో లేదో. సిమెంటు ఇల్లు వచ్చాక ఆ బొమ్మకు చోటుంటుందో లేదో.

మ్యూజియం అద్దాల వెనక చాలాచోట్ల తెగ పేరే ఉంది, మనిషి పేరు లేదు. ఆ ఖాళీలో పేరు రాయాల్సింది మనమే. జోహార్!