బెల్లా విస్టా కోడలు



అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా ఖైరతాబాదు వైపు రాకపోకలు సాగించే మీలో చాలామందికి, రాజభవన్ రోడ్డులోని బెల్లా విస్టా గేటు తెలిసే ఉంటుంది. 1957 నుంచి అందులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నడుస్తోంది. పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చి పాఠాలు చెప్పించుకుని పోతుంటారు. ఆ గేటు ముందు నుంచి నేను బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కాని ఆ ఇంట్లో ఒకప్పుడు కాపురం చేసిన ఇల్లాలి సంగతి మాత్రం చాలాకాలం నాకు తెలియదు.

ఆవిడ పేరు దుర్రు షెహ్వార్. రాజులకు తగిన ముత్యం అని దానికి అర్థం. ఆరువందల ఏళ్ళు టర్కీని ఏలిన ఆటోమన్ సుల్తానుల వంశంలో, 1914 జనవరిలో ఇస్తాంబుల్‌లో పుట్టింది.

సుల్తాను భార్య అనగానే మన మనసులో పట్టపురాణి మెదులుతుంది. ఆ అంతఃపురంలో పద్ధతి వేరు. సుల్తానులు చాలామంది నిఖా చేసుకునేవారే కాదట! కాకసస్ కొండల నుంచీ, బాల్కన్ దేశాల నుంచీ బానిసలుగా వచ్చిన పిల్లల్లోంచే సుల్తానుకు నచ్చినవారిని భార్యల వరసలోకి చేర్చేవారు. పదహారో శతాబ్దంలో సులేమాన్ సుల్తాను అలా వచ్చిన హుర్రెమ్‌ను శాస్త్రోక్తంగా పెళ్ళాడితే లోకం ముక్కున వేలేసుకుంది. కొడుకు గద్దెనెక్కి తాను రాజమాత అయిననాడే ఆ ఆడదానికి అసలైన పెత్తనం. అంటే అత్తగారి హోదా వచ్చేదాకా ఆగాల్సిందేనన్న మాట! మనకు ఇదేమీ కొత్త కాదు లెండి.

దుర్రు షెహ్వార్ తల్లి మెహిస్తీ కాకసస్ వంశానికి చెందిన స్త్రీయే. తండ్రి అబ్దుల్ మజీద్. 1922లో టర్కీలో సుల్తాను పదవి రద్దయింది. ఆయనకు ఖలీఫా అన్న మతపెద్ద హోదా ఒక్కటే మిగిలింది. 1924 మార్చిలో అదీ తీసేశారు. రాత్రికి రాత్రి ఖలీఫానూ కుటుంబాన్నీ కార్లలో ఊరి బయటి చతల్జా స్టేషనుకు చేర్చి రైలెక్కించేశారు. అప్పటికి మన దుర్రు షెహ్వార్‌కు పదేళ్ళు. పదేళ్ళ పిల్ల తెల్లారేసరికి ఇల్లూ, ఊరూ, దేశమూ లేనిదైపోయింది.

ఫ్రాన్సులోని నీస్ పట్నంలో తల దాచుకున్న ఖలీఫాకు నెలకు 300 పౌన్లు పంపినవారు మన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. ఆ తర్వాత సంబంధం మాటలు మొదలయ్యాయి. ఇక్కడే నా మనసు కాస్త ముడిపడుతుంది. తండ్రి ఇల్లు ఎవరి సొమ్ముతో గడుస్తోందో ఆ ఇంటికే కోడలిగా వెళ్ళమంటే, పదిహేడేళ్ళ పిల్ల కాదనగలదా? మన బేగంపేట కూడా ఒక నిజాము కూతురికి పెళ్ళిలో అరణంగా ఇచ్చిన భూమేనని చెబుతారు. ఊళ్ళూ, పిల్లలూ ఒక్క పందిట్లోనే చేతులు మారిన కాలం అది.

1931 నవంబరు 12న నీస్‌లో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. నిజాం పెద్దకొడుకు ఆజం జాకు దుర్రు షెహ్వార్, చిన్నకొడుకు మొఅజ్జం జాకు అదే వంశపు నీలోఫర్. నీలోఫర్‌కు నిండా పదహారేళ్ళు లేవు. చుట్టాలైన పిల్లలు తోడికోడళ్ళయ్యారు. బొంబాయికి వాళ్ళు ఎక్కిన ఓడలోనే రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తున్న గాంధీగారు కూడా ఉన్నారు.

పెద్దకోడలంటే మామగారికి ఎంతో గొప్ప. నగీనా, అంటే రత్నం, అని పిలిచేవారట. ఫ్రెంచి, ఇంగ్లీషు, టర్కీ భాషలు వచ్చిన ఆవిడ ఇక్కడికొచ్చి ఉర్దూ కూడా పట్టేసింది. ఘోషా పాటించలేదు. చీర కట్టులో ఇద్దరూ మనవాళ్ళలాగే కనిపించేవారు.

నీలోఫర్‌కు పిల్లలు కలగలేదు. 1949లో ఆవిడ దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి పురిటిలో పోయింది. ఆ దుఃఖంలోంచే తల్లులకూ పిల్లలకూ ఒక ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. రెడ్‌హిల్స్‌లో మనం పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తే నీలోఫర్ ఆసుపత్రి అదే. అది 1953లో తెరుచుకునేసరికి ఆవిడ ఈ ఇంటి కోడలు కాదు. అంతకు ముందు ఏడే విడాకులయ్యాయి. 1989లో పారిస్‌లో పోయింది.

దుర్రు షెహ్వార్ పేరిట పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆసుపత్రి ఉంది. ఆవిడ కాపురమూ కలిసిరాలేదు. భర్త అప్పులు చేసేవాడు. ఆయన్ని పక్కనపెట్టి మనవడు ముకర్రం జాను నిజాం వారసుడిగా ఎంచుకున్నారు. పాత అంతఃపురపు లెక్కన చూస్తే 1967లో ఆవిడా రాజమాతే అయినట్టు. కాని అప్పటికి ఏలడానికి రాజ్యమే లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకో సంగతి. 1944 ఆగస్టులో తండ్రి పారిస్‌లో చనిపోయాడు. ఆయన్ని పుట్టినగడ్డలో ఖననం చేయనివ్వమని కూతురు టర్కీ ప్రభుత్వాన్ని వేడుకుంది. వాళ్ళు ఒప్పుకోలేదు. దగ్గర దగ్గర పదేళ్ళు ఆ దేహం పారిస్ మసీదులోనే ఉండిపోయింది. ఔరంగాబాదు దగ్గర ఖుల్దాబాదులో నిజాం ఆయన కోసం ఒక సమాధి మందిరం కట్టించారు. అది ఇప్పటికీ ఖాళీయే. చివరికి 1954లో మదీనాలో మట్టి దొరికింది. పదేళ్ళ పాటు తండ్రికి అంత్యక్రియలు జరగలేదన్న బరువు మోస్తూ పిల్లల్ని పెంచుకున్న మనిషి, ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోయి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

ఆవిడ 2006 ఫిబ్రవరిలో లండన్‌లో కన్నుమూసింది. తొంభై రెండేళ్ళు. అక్కడి బ్రూక్‌వుడ్ శ్మశానంలోనే సమాధి చేశారు. పెద్దకొడుకు ముకర్రం జా 2023 జనవరిలో పోయింది మాత్రం ఇస్తాంబుల్‌లో, తల్లిని పదేళ్ళప్పుడు వెళ్ళగొట్టిన ఊళ్ళో. ఆయన్ని విమానంలో మన హైదరాబాదుకు తీసుకొచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.